టికెట్ కొనేముందు ఫిక్చర్ అడగండి

(డబ్లిన్‌లో సంక్రాంతి సంబరాల సందర్భంగా తెలుగు తల్లిదండ్రులతో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకీ, ఈ చలిలో తెల్లవారకముందే లేచి అరిసెలు వండుకొచ్చిన అక్కలకీ వదినలకీ, కుర్చీలు మోసిన తమ్ముళ్లకీ, గొబ్బిపాట పాడిన పిల్లలకీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే భోజనాల వేళ దాటిపోతుంది, క్షమించాలి.

నాకిచ్చిన అంశం "గేలిక్ ఫుట్‌బాల్ వల్ల మన పిల్లలకి లాభాలు". లాభాల గురించి నాలుగు మాటలు చెబుతాను, కానీ నేను అడగాలనుకున్నది వేరే ఉంది. ఇది జనవరి. జనవరిలో ఇక్కడ రెండు పనులు జరుగుతాయి. క్లబ్బులు ఫోరిన్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఆ ఏడాది సభ్యత్వాలు తెరుస్తాయి. మన ఇళ్లలో జూలై, ఆగస్టులకి ఇండియా టికెట్ల ధరలు చూడటం మొదలవుతుంది. ఫిక్చర్లు, అంటే మ్యాచ్‌ల తేదీలు, కనుక్కుని ఈ రెండు పనుల్నీ ఒకే రోజు, ఒకే టేబుల్ దగ్గర కూర్చుని చేయండని అడగడానికే వచ్చాను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ముందు ఆట గురించి. ఇది ఐర్లండ్ సొంత ఆట. జట్టుకి పదిహేను మంది. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, వెడల్పు 80 నుంచి 90 మీటర్లు, అంటే సాకర్ మైదానం కన్నా బాగా పెద్దది. గోల్ స్తంభాలు అడ్డపట్టీ దాటి పైకి ఉంటాయి. బంతి పట్టీ కింద నుంచి వలలోకి వెళ్తే గోల్, మూడు పాయింట్లు. పట్టీ పైనుంచి, స్తంభాల మధ్య నుంచి వెళ్తే ఒక పాయింటు. స్కోరుని 2-9 అని రాస్తారు, అంటే రెండు గోల్స్, తొమ్మిది పాయింట్లు, మొత్తం 15. అవతలి జట్టు 1-11 అయితే మొత్తం 14, మనమే గెలిచాం. చాలామంది నాన్నలు గట్టు మీద నిలబడి పదకొండుని చూసి ఓడిపోయామనుకుంటారు. 2025 నుంచి పెద్దల ఆటలో 40 మీటర్ల వంపుగీత అవతల నుంచి పట్టీ పైగా కొడితే రెండు పాయింట్లు ఇస్తున్నారు. పిల్లల ఏ వయసు జట్టుకి ఏ నియమం వర్తిస్తుందో ఏడాది మొదట్లో కౌంటీ (ఇక్కడి జిల్లా) అంతటా ఆటని నడిపే కౌంటీ బోర్డు క్లబ్బులకి పంపే నిబంధనల్లో ఉంటుంది. జట్టుకి సాధన చేయించే మెంటర్‌ని అడిగితే చెబుతారు.

బంతి చేతిలో ఉంటే నాలుగు అడుగులు వేయొచ్చు. తర్వాత నేలకి ఒకసారి కొట్టి పట్టుకోవాలి, లేదా కాలితో తన చేతుల్లోకే తన్నుకోవాలి. ఈ రెండోదాన్ని సోలో అంటారు. వరసగా రెండుసార్లు నేలకి కొట్టకూడదు, సోలో ఎన్నిసార్లయినా చేయొచ్చు. నేల మీది బంతిని అబ్బాయిలు నేరుగా చేత్తో ఎత్తకూడదు, కాలి మునివేళ్లతో పైకి లేపి పట్టాలి. అమ్మాయిల ఆటలో చేత్తో ఎత్తొచ్చు. క్రికెట్ ఆడి వచ్చిన మన అబ్బాయిలు మొదటి సీజన్‌లో ఎక్కువ ఫౌల్స్ ఇచ్చేది ఇక్కడే. నేల మీద బంతి కనిపిస్తే ఫీల్డింగ్ అలవాటు కొద్దీ చెయ్యి ముందుకెళ్తుంది. అదే క్రికెట్ పిల్లలకి గాల్లో బంతి అంచనా వేయడం మాత్రం బాగా వస్తుంది. వేళ్లు విప్పి, బొటనవేళ్లు దగ్గరికి చేర్చి, తలకన్నా ఎత్తులో అందుకోవడం నేర్పితే చాలు, రెండు నెలల్లో మంచి మిడ్‌ఫీల్డర్ తయారవుతాడు.

ఇక వయసు లెక్క. ఇక్కడ జనవరి 1 ముఖ్యం. 2026లో అండర్-13 అంటే 2013లో పుట్టినవాళ్లు, అంతకన్నా చిన్నవాళ్లు. 2013 జనవరి 2న పుట్టినా, 2013 డిసెంబరు 30న పుట్టినా ఆ ఏడాదంతా అదే జట్టు. స్కూలు తరగతితో దీనికి సంబంధం లేదు. చిన్నవాళ్లు పెద్ద జట్టులో ఆడొచ్చు, దానికీ ఒక హద్దుంది. పెద్దవాళ్లు చిన్న జట్టులో ఆడకూడదు. ఒక్కడు ఆడినా అవతలివాళ్లు అభ్యంతరం పెడితే గెలిచిన మ్యాచ్ పోతుంది. అందుకే సభ్యత్వం కట్టేటప్పుడు పుట్టిన తేదీని పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.

పన్నెండేళ్ల దాకా ఆడేవి గో గేమ్స్. చిన్న మైదానం, తక్కువమంది ఆటగాళ్లు, వచ్చిన ప్రతి బిడ్డా మ్యాచ్ మొత్తం ఆడాలన్నదే నియమం. ఫైనల్ ఉండదు, కప్పు ఉండదు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి కూడా ఆడతారు. అక్కడ మన పిల్లలు చాలామందే ఉన్నారు. శనివారం పొద్దున ఏ క్లబ్బుకి వెళ్లినా తెలుగు వినబడుతోంది. పదమూడు దాటగానే పలచబడిపోతున్నారు. ఎందుకంటే పదమూడు నుంచి ఛాంపియన్‌షిప్ మొదలవుతుంది.

ఛాంపియన్‌షిప్ ఎలా నడుస్తుందో వివరంగా చెప్తాను, అడగాల్సింది అందులోనే ఉంది.

మార్చి నుంచి జూన్ దాకా లీగ్. వారానికో మ్యాచ్, ఎవరో ఒకరు రాకపోయినా నెట్టుకురావచ్చు. లీగ్‌లో జట్టు ఎలా ఆడిందో చూసి ఛాంపియన్‌షిప్‌లో ఏ, బీ, సీ గ్రేడ్‌లుగా విడదీస్తారు. నాలుగేసి జట్లతో గ్రూపులు అనుకోండి. ఒక్కో జట్టుకి మూడే మ్యాచ్‌లు. గెలిస్తే రెండు పాయింట్లు, సమమైతే ఒకటి. పైనున్న రెండు జట్లు సెమీఫైనల్‌కి వెళ్తాయి. ఏడాదంతా వానలో బురదలో చేసిన సాధన ఫలితం ఆ మూడు మ్యాచ్‌ల మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మూడు జట్లు రెండేసి గెలిచి ఒక్కోటి ఓడాయి, మూడింటికీ నాలుగేసి పాయింట్లు. రెండు జట్లే సమమైతే వాటిమధ్య జరిగిన మ్యాచ్ ఎవరు గెలిచారో చూస్తారు. మూడు సమమైతే స్కోరు తేడా చూస్తారు. కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేయాలి. ఒకరిది తొమ్మిది, ఒకరిది ఏడు, మనది ఆరు అయితే మనం ఇంటికి. చివరి ఐదు నిమిషాల్లో కాళ్లు కదలక వదిలేసిన ఒక్క గోల్ అంటే మూడు పాయింట్లు. అది వదలకపోతే మనది తొమ్మిది. కాళ్లు ఎందుకు కదల్లేదు? మార్చడానికి బయట ఎవరూ లేరు కాబట్టి.

ఎందుకు లేరు? అండర్-15 జట్టులో ఇరవై రెండు మంది పేర్లుంటాయి. ఒకడికి చీలమండ బెణికింది, ఒకడికి మడమ నొప్పి. ఎదిగే వయసులో మడమలు, మోకాళ్ల కింద ఎముకలు నొప్పి పెట్టడం మామూలే. ఇద్దరు ఐరిష్ భాష నేర్చుకోవడానికి మూడు వారాలు ఆ భాష మాట్లాడే గేల్టాక్ట్ ప్రాంతానికి వెళ్లారు. ఒక కుటుంబం పది రోజులు స్పెయిన్ వెళ్లింది. మిగిలింది పదిహేడు. ఆ పదిహేడులో ముగ్గురు మనవాళ్లు, ముగ్గురూ ఆరేసి వారాలు హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉన్నారు. పద్నాలుగు.

పద్నాలుగు మందితో ఏం చేయాలి? పెద్దల నిబంధన ప్రకారం పదముగ్గురితో ఆట మొదలుపెట్టొచ్చు, కానీ రెండో సగం మొదలయ్యేసరికి పదిహేను మందీ బరిలోకి వచ్చుండాలి. చిన్న వయసులకి కౌంటీ బోర్డు వేరే నిబంధన పెట్టుకోవచ్చు. ఎలాగైనా మనుషులు కావాలి. మెంటర్ అండర్-13 నుంచి ఇద్దర్ని అడుగుతాడు. పన్నెండేళ్ల పిల్లాడు, పద్నాలుగున్నర ఏళ్ల పిల్లాడు భుజం భుజం ఆనించి తోసుకునే ఆట ఇది. ఆ వయసులో రెండున్నరేళ్ల తేడా అంటే పదిహేను కిలోలు కూడా ఉండొచ్చు. చిన్నవాడికి దెబ్బ తగులుతుంది, మర్నాడు వాడి సొంత మ్యాచ్ ఉంటుంది, అక్కడ వాళ్లకి ఒకడు తక్కువ. ఒక్క టికెట్ రెండు జట్లని కుదిపేస్తుంది.

"మ్యాచ్ వాయిదా వేయమని అడగొచ్చు కదా" అంటారు. అడగొచ్చు. అవతలి జట్టు ఒప్పుకోవాలి, బోర్డు ఒప్పుకోవాలి, మైదానం దొరకాలి, రిఫరీ దొరకాలి. 2022 నుంచి సీజన్‌ని రెండుగా విడదీశారు. కౌంటీ జట్ల ఆల్ ఐర్లండ్ ఫుట్‌బాల్ ఫైనల్ జూలై నెలాఖరుకి క్రోక్ పార్క్ స్టేడియంలో అయిపోతుంది. ఆ తర్వాతి కాలమంతా క్లబ్బులది. అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్దల క్లబ్ ఛాంపియన్‌షిప్, పిల్లల ఛాంపియన్‌షిప్ రెండూ అదే గడ్డి మీద, అదే రిఫరీలతో జరగాలి. దానికి తోడు వెలుతురు. జూన్‌లో డబ్లిన్‌లో రాత్రి పదింటికి సూర్యాస్తమయం. సెప్టెంబరు నెలాఖరుకి ఏడింటికే. దీపాలున్న మైదానాలు తక్కువ, కాబట్టి వారం మధ్యలో సాయంత్రం మ్యాచ్ పెట్టే వీలు ఒక్కో వారం తగ్గిపోతూ ఉంటుంది. అందుకే బోర్డులు వాయిదాల విషయంలో కఠినంగా ఉంటాయి. చివరికి ఆడకుండానే గెలుపు అవతలివాళ్లకి వదిలేయాల్సి, అంటే వాకోవర్ ఇవ్వాల్సి వస్తుంది.

వాకోవర్ అంటే మన జట్టు ఒక్కటే నష్టపోతుందని అనుకోకండి. మూడు జట్లు సమమైనప్పుడు తేడా లెక్కలో మనతో ఆడిన మ్యాచ్‌ల స్కోర్లు పక్కన పెట్టాల్సి రావొచ్చు. మనమీద కష్టపడి పన్నెండు పాయింట్ల తేడాతో గెలిచిన పిల్లల కష్టం కూడా ఆ లెక్కలో కొట్టుకుపోతుంది.

అయ్యా, అమ్మా, ఇండియా వెళ్లొద్దని ఎవరూ అనడం లేదు. అమ్మమ్మా తాతయ్యల దగ్గర పిల్లలు గడపాలి. ఏడాదికోసారైనా వాళ్ల నోట తెలుగు ధారాళంగా రావాలి. ఐరిష్ మెంటర్లు కూడా దీన్ని తప్పుపట్టరు. వాళ్లని బాధపెట్టేది చెప్పకపోవడం. గురువారం రాత్రి వాట్సాప్ గ్రూపులో "శనివారం మ్యాచ్‌కి ఎవరు వస్తున్నారు" అని అడిగితే, శంషాబాద్ నుంచి "సారీ, మేము ఇండియాలో ఉన్నాం" అని జవాబు రావడం. ఆ మెంటర్‌కి జీతం లేదు. వాళ్లు కూడా ఎవరో ఒక బిడ్డకి తల్లో తండ్రో. గార్డా వెటింగ్ (పోలీసు తనిఖీ) చేయించుకుని, పిల్లల రక్షణ శిక్షణ పూర్తిచేసి, ఉద్యోగం అయ్యాక వచ్చి కోన్లు పరుస్తారు.

కాబట్టి జనవరిలో మెంటర్‌కి మూడు తేదీలు చెప్పండి. బయల్దేరే రోజు, తిరిగొచ్చే రోజు, మళ్లీ సాధనకి రాగలిగే రోజు. ఈ మూడోది అందరూ మర్చిపోతారు. ఆదివారం దిగి మంగళవారం మ్యాచ్ ఆడించకండి. నిద్ర వేళలు కుదుటపడాలి, ఆరు వారాలు పరుగెత్తని తొడ కండరం ఒక్కసారిగా లాగితే పట్టేస్తుంది. మొదటి వారం సోలో, పాసులు, తేలిక పరుగు. రెండో వారం సాధనలో సగం ఆట. తర్వాతే మ్యాచ్. అంటే ఆగస్టు మూడో వారంలో మ్యాచ్ ఉంటే ఆగస్టు మొదటి వారానికి ఇక్కడుండాలి. ప్రైమరీ స్కూలు జూన్ ఆఖరుకి మూస్తారు. స్కూలు మూసిన రెండో రోజే బయల్దేరితే ఐదు వారాలు ఊళ్లో ఉండి కూడా వేళకి రావచ్చు. మనలో చాలామంది జూలై మూడో వారంలో బయల్దేరి స్కూలు తెరిచే ముందురోజు దిగుతారు. చిక్కు అక్కడే.

సెకండరీ పిల్లలున్నవాళ్లకి ఇంకా సులువు. జూనియర్ సైకిల్, లీవింగ్ సర్టిఫికెట్ అనే ప్రభుత్వ పరీక్షలు లేని తరగతులకి మే నెలాఖరుకో జూన్ మొదటికో సెలవులిచ్చేస్తారు. టికెట్ ధర కూడా అప్పుడు తక్కువ ఉండొచ్చు.

వెళ్లేటప్పుడు బంతి తీసుకెళ్లండి. గాలి తీసేస్తే సూట్‌కేసులో చొక్కాల మధ్య పడుతుంది. పంపూ సూదీ మర్చిపోవద్దు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, ఇరవై నిమిషాలు. ఏ గోడైనా సరే. కుడికాలితో ముప్పై తన్నులు, ఎడమకాలితో ముప్పై, పిడికిలితో పాసులు రెండు చేతులా. తర్వాత వీధి చివరిదాకా సోలో చేసుకుంటూ వెళ్లి రావడం. గతుకుల నేల మీద సోలో అలవాటైతే ఇక్కడి పచ్చిక మీద బంతి చేతిలోంచి జారదు. తోడుకి పెదనాన్న పిల్లలు ఎలాగూ ఉంటారు.

పళ్లకి దెబ్బ తగలకుండా నోట్లో పెట్టుకునే గమ్‌షీల్డ్ గురించి కూడా చెప్పి తీరాలి. 2013 నుంచి పిల్లలకి, 2014 నుంచి అందరికీ తప్పనిసరి, సాధనలో కూడా. అది లేకుండా దెబ్బ తగిలితే గాయాల నిధి నుంచి పంటి ఖర్చు రాదు. వేడినీళ్లలో మెత్తబరచి కొరికే రకం చాలు, పళ్లకి క్లిప్పులున్న పిల్లలకి మాత్రం డెంటిస్టుతో చేయించాలి. ఆరు నెలలకోసారి వేసి చూడండి. పళ్లు వస్తూ ఉంటే పాతది సరిపోదు, సరిపోకపోతే పిల్లలు సాక్సులో దోపుకుని ఆడతారు.

అమ్మాయిల తల్లిదండ్రులకి ఒక మాట. వాళ్ల ఆటని నడిపేది వేరే సంఘం, 1974లో పుట్టింది. సభ్యత్వం వేరు, బీమా వేరు, ఫిక్చర్లు వేసే బోర్డు వేరు. అన్నకీ చెల్లికీ ఒకే గంటలో రెండు ఊళ్లలో మ్యాచ్ పడటం అందుకే. మగవాళ్ల, ఆడవాళ్ల ఆటల సంఘాలన్నీ 2027కి ఒక్కటి కావాలన్నది ప్రణాళిక. అప్పటిదాకా ఈ హాల్లో ఉన్న మనమే కార్లు పంచుకోవాలి.

లాభాలు చెబుతానన్నాను. షైరోజ్ అక్రమ్ పేరు రాసుకోండి. పాకిస్తాన్‌లో పుట్టి, చిన్నప్పుడే ఐర్లండ్‌కి వచ్చి, 2016లో మేయో అండర్-21 జట్టుతో ఆల్ ఐర్లండ్ గెలిచాడు. కెర్రీ కుర్రాడు డేవిడ్ క్లిఫర్డ్ 2017 మైనర్ (అప్పట్లో అండర్-18) ఆల్ ఐర్లండ్ ఫైనల్‌లో ఒక్కడే 4-4 కొట్టాడు, అంటే పదహారు, డెర్రీ జట్టు మొత్తం స్కోరు 1-8. అంత ఆట అందరికీ రాదు, రానక్కర్లేదు. సీ గ్రేడ్ గ్రూపు మ్యాచ్‌లో ఆఖరి పది నిమిషాలు ఆడటానికి పదిహేడో ఆటగాడిగా గట్టు మీద సిద్ధంగా ఉండటమే ఏ జట్టుకైనా కావలసింది. మన పిల్లలు చాలామంది ఆలస్యంగా, పదకొండు పన్నెండేళ్లకి మొదలుపెడతారు కాబట్టి మొదటి ఏడాది ఆ స్థానంలోనే ఉంటారు. ఆ ఏడాది ఆగస్టులో కనబడకపోతే మరుసటి ఏడాది మెంటర్ ఆ పేరుని లెక్కలోకి తీసుకోడు, పిల్లాడూ మానేస్తాడు. పదమూడు దాటాక పలచబడటానికి నాకు కనిపిస్తున్న పెద్ద కారణం ఇదే.

బయట కాఫీ టేబుల్ దగ్గర ఒక కాగితం పెట్టాం. బిడ్డ పుట్టిన సంవత్సరం, క్లబ్బు, ఇప్పుడు చెప్పిన మూడు తేదీలు, అంతే. ఇంకా టికెట్ కొనకపోతే మూడో తేదీ ముందు నింపి, దాన్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. కాగితం భోజనాలయ్యేదాకా అక్కడే ఉంటుంది, పెన్ను కూడా ఉంది.