పిల్లల మెదడు కనెక్షన్లకి టెస్టు చేయించాలా? బెంగళూరు స్టూడియో చర్చ, జరిగింది జరిగినట్టు

బెంగళూరులో తెలుగువాళ్లుండే అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక ప్రకటన తిరుగుతోంది, మీ పిల్లల మెదడులో కనెక్షన్లు సరిగ్గా ఉన్నాయో లేదో స్కాన్ చేసి చెప్తామని. చేయించినవాళ్లూ తిట్టినవాళ్లూ గ్రూపుల్లో కొట్టుకుంటుంటే ఒక తల్లినీ, ఒక మానసిక వైద్యుణ్ణీ, మెదడు స్కాన్ల మీద పనిచేసే ఒక పరిశోధకురాలినీ పిలిచి ఈ చర్చ పెట్టారు. మాట తెగినచోట తెగినట్టే ఉంచాను. పరిశోధకురాలి మాటే ఎక్కువసార్లు తెగింది, అసలు విషయం ఆవిడ దగ్గరే ఉందని నాకు గట్టిగా అనిపించింది కాబట్టి వినపడినంతా రాశాను.

యాంకర్: అందరికీ నమస్కారం. అమ్మా, ముందు మీరు చెప్పండి.

తల్లి: మాది మారతహళ్లి అండి. బాబుకి తొమ్మిదేళ్లు. క్లాసులో కుదురుగా కూర్చోడని టీచర్ రోజూ డైరీలో రాస్తున్నారు. గ్రూపులో చూసి తీసుకెళ్లాం, 22 వేలు అయింది. ఇదిగోండి రిపోర్టు. (ఫైలు తెరిచారు) తల బొమ్మ మీద ఎర్ర గీతలు, నీలం గీతలు. కింద ‘ముందు భాగానికీ వెనక భాగానికీ కనెక్టివిటీ తక్కువ’ అని ఉంది. అది చదివాక మావారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదండి.

యాంకర్: బాబు ఫోన్ ఎక్కువ చూస్తాడా?

తల్లి: చూస్తాడండి, అందరు పిల్లల్లాగే...

యాంకర్: అదీ! డాక్టరు గారూ, ఫోన్ వల్లే ఈ కనెక్షన్లు తెగుతున్నాయా?

మానసిక వైద్యుడు: ఫోన్ సంగతి తర్వాత. ఒక స్కాన్ చూసి ఏడీహెచ్‌డీ, అదే ధ్యాస నిలవక కుదురుగా ఉండలేని సమస్య, ఉందో లేదో తేల్చే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు. తల్లిదండ్రులతో మాట్లాడాలి, టీచర్‌తో మాట్లాడాలి, ఇంట్లో ఎలా ఉన్నాడు, బడిలో ఎలా ఉన్నాడు అని చూడాలి. అంతే! 22 వేలు పెట్టి రంగు బొమ్మ కొనుక్కున్నారు.

పరిశోధకురాలు: ఆ మాట నిజమే. కానీ బొమ్మలో ఉన్నదేంటో కూడా చెప్పాలి కదండీ. ఈ స్కాన్‌ని ఎఫ్ఎంఆర్ఐ అంటారు, మెషిన్ కొలిచేది మెదడు రక్తంలో ఆక్సిజన్ మార్పుని. మెదడులో రెండు చోట్ల ఆ సిగ్నల్ కలిసి పెరిగి కలిసి తగ్గుతుంటే వాటి మధ్య ఫంక్షనల్ కనెక్టివిటీ ఉందంటాం. తీగ ఉందని కాదు. మన వీధిలో రెండిళ్లకి ఒకేసారి కరెంటు పోయిందనుకోండి, ఆ రెండిళ్ల మధ్య తీగ ఉన్నట్టా? ఇద్దరిదీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కావచ్చు. 1995లో భరత్ బిశ్వాల్ బృందం, మనిషి ఏ పనీ చేయకుండా పడుకున్నా చేతుల్ని కదిలించే భాగాలు ఎడమా కుడీ కలిసి ఊగుతున్నాయని చూపించింది. అక్కడ మొదలై...

వైద్యుడు: చరిత్ర వద్దు మేడమ్! చచ్చిన చేపని ఇదే మెషిన్‌లో పెట్టారు, 2009లో. దాని మెదడు కూడా పని చేస్తున్నట్టు చుక్కలు వచ్చాయి. దానికి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి!

యాంకర్: చచ్చిన చేపా!

పరిశోధకురాలు: అది లెక్క సరిచేయకపోతే ఏమవుతుందో చూపించడానికి చేసింది. మెదడు బొమ్మలో వేల చుక్కల్ని విడివిడిగా పరీక్షిస్తే కొన్ని కాకతాళీయంగా వెలుగుతాయి. ఆ లెక్క సవరిస్తే చేపలో ఏమీ...

వైద్యుడు: వెలిగిందా లేదా? వెలిగింది. అంతే! అసలు బుర్రలోకి తొంగిచూసే ఈ యావ మనకి కొత్తా? ఇదే కర్ణాటక కేసులో, సెల్వి కేసు, మత్తుమందిచ్చి ప్రశ్నలడిగే నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ టెస్టులు నిందితులకి బలవంతంగా చేయకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

పరిశోధకురాలు: అది వేరే టెస్టండీ, తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి...

వైద్యుడు: అన్నీ ఒకటే!

(ఇక్కడ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. అన్నీ ఒకటి కావు, ఆ వివరం చర్చలో మళ్లీ రాలేదు.)

యాంకర్: సరే సరే. ఫోన్‌కి వద్దాం. రీల్స్ చూసే పిల్లల మెదడులో...

పరిశోధకురాలు: ముందు ఈవిడ రిపోర్టు సంగతి. అమ్మా, స్కాన్‌లో బాబు ఎలా ఉన్నాడు?

తల్లి: లోపల డగడగా ఒకటే చప్పుడండి. కదలొద్దన్నారు. ముక్కు దురద పెట్టిందట, గోక్కున్నాడు. రెండుసార్లు ‘అమ్మా’ అని తల తిప్పాడు, అద్దంలోంచి చూశాను.

పరిశోధకురాలు: అదీ విషయం. తల మిల్లీమీటరు కూడా కదలక్కర్లేదు. దూరంగా ఉన్న భాగాల మధ్య కనెక్టివిటీ తగ్గినట్టు, దగ్గరి వాటి మధ్య పెరిగినట్టు తప్పుడు ఫలితం వస్తుందని 2012లోనే బయటపడింది. కుదురుగా ఉండని పిల్లలే స్కాన్‌లో ఎక్కువ కదులుతారు. అంటే మీ రిపోర్టులో ఆ ‘తక్కువ’ బాబు మెదడుదో, బాబు కదలికదో...

వైద్యుడు: చూశారా! నేను చెప్పిందే! ఈ పరిశోధనంతా దండగ.

పరిశోధకురాలు: దండగ అనలేదు నేను! 2004లో అల్జీమర్స్ రోగుల్లో డీఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్, అంటే మనిషి ఏ పనీ చేయనప్పుడు కలిసి పనిచేసే మెదడు భాగాల గుంపు, బలహీనపడిందని ఇలాగే తెలిసింది. కానీ అది గుంపుకి గుంపుని పోల్చిన సగటు. ఒక్క మనిషిని చూసి చెప్పేది కాదు. 2022లో నేచర్ అనే సైన్స్ పత్రికలో దాదాపు 50 వేల మంది స్కాన్‌లు తిరగేసి చెప్పారు, మెదడు కనెక్షన్లకీ మనిషి ప్రవర్తనకీ నమ్మదగిన లంకె దొరకాలంటే వేల మంది కావాలని. మనం ఆపాల్సింది పరిశోధనని కాదు, దాన్ని తెచ్చి ఒక్క పిల్లాడికి...

వైద్యుడు: వేల మంది కావాలని ఆవిడే ఒప్పుకుంటున్నారు! ఆ డబ్బుతో ప్రతి బడికీ ఒక కౌన్సెలర్‌ని పెట్టండి. నేను మొదట్నుంచీ అదే చెప్తున్నాను, స్కాన్ దండగ, స్కాన్ దండగ!

యాంకర్: డాక్టరు గారు స్పష్టంగా చెప్పేశారు, స్కాన్‌తో పని లేదు. టైమ్ తక్కువుంది, ఒక్క మాటలో, ఫోన్ ఎన్ని గంటలు చూడనివ్వొచ్చు?

తల్లి: ఒక్క నిమిషమండి. మేడమ్, మావాడు తల ఎంత కదిపాడన్నది ఇందులో ఎక్కడైనా రాశారా?

పరిశోధకురాలు: ఇలా ఇవ్వండి. (పేజీలు తిప్పారు, వెనక్కి వెళ్లి మళ్లీ తిప్పారు) లేదమ్మా. ఎన్ని మిల్లీమీటర్లు కదిలాడో, కదిలినప్పటి బొమ్మలు తీసేశారో లేదో, ఏమీ రాయలేదు. ఆ లెక్క మీరు వాళ్లని అడ...

యాంకర్: బ్రేక్‌కి వెళ్లాలి మేడమ్, క్షమించాలి. డాక్టరు గారూ, గంటా, రెండు గంటలా?