సైన్స్, నైస్: ఒకే ఇంటి పిల్లలు!

సైన్స్, నైస్. ఈ రెండు మాటలూ ఒకే వేరు నుంచి పుట్టాయి. అవునండీ! లాటిన్‌లో 'స్కిరే' అంటే తెలిసి ఉండడం. సైన్స్ అక్కడి నుంచే వచ్చింది. దాని ముందు 'కాదు' అనే 'నె' చేరిస్తే 'నెస్కియుస్'. అంటే ఏమీ తెలియనివాడు. అది ఫ్రెంచ్ నోళ్లలో నలిగి, 1300 ప్రాంతంలో 'నైస్'గా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఆ రోజుల్లో ఎవరినైనా నైస్ అంటే తెలివితక్కువవాడు అని తిట్టినట్టే!

నైస్ అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసే టీచర్లు ఒక పక్క, అందరూ అనే మాటే కదా అనేవాళ్లు ఇంకో పక్క. ఈ గొడవ మీకు తెలిసిందే. నేను టీచర్ల పక్షమే, కానీ వాళ్లు చెప్పే కారణం ఒప్పుకోను. అది పసలేని మాట అంటారు వాళ్లు. కాదు! నా లెక్కలో ఆ పాత అర్థం ఇంకా చావలేదు. సరిగ్గా చూడనప్పుడు, ఏమనాలో తెలియనప్పుడు మన నోట వచ్చే మాట అదే కదా!

మూడు రాత్రులు కూర్చుని ఎడిట్ చేసిన 12 నిమిషాల వీడియో ఒక ఫ్రెండ్‌కి పంపాను. 40 సెకన్లలో రిప్లై. 'నైస్'. 12 నిమిషాల వీడియో 40 సెకన్లలో ఎలా చూశావురా?

మధ్యలో ఈ మాటకి మంచి రోజులూ ఉన్నాయి. తెలివితక్కువ నుంచి చాదస్తానికి, అక్కడి నుంచి సూక్ష్మానికి వెళ్లింది. 'నైస్ డిస్టింక్షన్' అంటే చక్కటి తేడా అనుకునేరు, వెంట్రుకవాసి తేడా అని! ఎంత పదునైన వాడుక అది! 18వ శతాబ్దంలో 'బాగుంది' అనే అర్థం వచ్చి దీని మీద కూర్చుంది. ఇక వాన నైస్, మనిషి నైస్, చొక్కా నైస్.

'సిల్లీ' సరిగ్గా ఎదురు దారి పట్టింది, తెలుసా? పాత ఇంగ్లిష్‌లో దాని మూలరూపానికి ధన్యుడు, అదృష్టవంతుడు అని అర్థం. ఇప్పుడేమో తెలివితక్కువ. రెండూ దారిలో ఎదురుపడి కుర్చీలు మార్చుకున్నాయి!

ఒక్కచోట మాత్రం నైస్‌కి నేను అడ్డు చెప్పను. 'నైస్ అండ్ వార్మ్' అన్నప్పుడు అది తీసేస్తే వెచ్చదనం మిగులుతుంది, హాయి పోతుంది.

ఆ ఫ్రెండ్‌ని వదల్లేదు నేను. "ఏది నచ్చింది?" అని అడిగాను. గంట దాకా సౌండ్ లేదు. తర్వాత మెసేజ్: "8వ నిమిషంలో మ్యూజిక్ ఆపేసి నీ ఊపిరి ఒక్కటే వినిపించావు చూడు, అక్కడ."

ఇదిరా చూడడమంటే!