చమురు కడిగేశారు సరే, గూళ్ల సంగతేంటి?

తమ్ముడు: అక్కా, సముద్రంలో చమురు ఒలికింది అనగానే నాకు టీవీలో చూపించే ఆ నల్లటి పక్షే గుర్తొస్తుంది.

అక్క: అందరికీ అంతే. దాని కోసం గూట్లో ఆకలితో కూర్చున్న పిల్లను మాత్రం ఎవరూ చూపించరు. ‘ట్రెజర్’ ఓడ సంగతి చెప్తా విను. 2000 జూన్ 23న దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్ దగ్గర మునిగింది. చమురు ఓడ కూడా కాదు, ఇనుప ఖనిజం మోసే ఓడ. తన ఇంజిన్ కోసం నింపుకున్న ఇంధనమే వందల టన్నుల్లో సముద్రంలో కలిసింది. అదీ ఎక్కడ? డాసెన్, రాబెన్ దీవుల మధ్య. మండేలాను బంధించిన రాబెన్ దీవే. రెండు చోట్లా ఆఫ్రికన్ పెంగ్విన్లు అప్పట్లో వేలల్లో గూళ్లు పెట్టేవి, అది సరిగ్గా వాటి సీజన్.

తమ్ముడు: అంటే గూళ్ల నిండా గుడ్లూ పిల్లలూనా!

అక్క: అదేరా. తల్లీ తండ్రీ వంతులేసుకుని పొదుగుతాయి, ఒకటి గూట్లో ఉంటే ఇంకోటి చేపల కోసం వెళ్తుంది. ఆ వెళ్లింది పొట్టకు చమురు పూసుకుని వచ్చి, అలాగే గుడ్డు మీద కూర్చుంటుంది. పెంకుకు సన్నటి రంధ్రాలుంటాయి కదా, కొన్ని చుక్కలు చాలు, లోపలి పిండం చచ్చిపోవచ్చు. పక్షికేం తెలుసు పాపం, పొదుగుతూనే ఉంటుంది. నాకు అన్నిటికంటే బాధనిపించేది అదే.

తమ్ముడు: మరి పెద్ద పక్షులు?

అక్క: చమురు పడ్డచోట ఈకలు అతుక్కుపోయి, చన్నీళ్లు నేరుగా ఒంటికి తగులుతాయి. శుభ్రం చేసుకుందామని ముక్కుతో దువ్వుకుంటూ ఆ చమురే మింగేస్తుంది. అలాంటివాటిని దాదాపు 19,000 పట్టుకొచ్చి, ఒక్కోదాన్నీ సబ్బునీళ్లతో, తల దగ్గరైతే టూత్‌బ్రష్‌తో కడిగారు. చాలావరకు బతికాయి. చమురు అంటనివి ఇంకో 19,500 ఉంటే, వాటిని లారీల్లో పోర్ట్ ఎలిజబెత్ దాకా తీసుకెళ్లి వదిలారు, అవి ఈదుకుంటూ వచ్చేలోపు ఇక్కడ చమురు తీసేయొచ్చని.

తమ్ముడు: వచ్చాయా?

అక్క: వచ్చాయి! పీటర్, పమేలా, పెర్సీ అని మూడింటికి శాటిలైట్ ట్రాన్స్‌మీటర్లు కట్టారు, జనం రోజూ ఎక్కడిదాకా వచ్చాయా అని చూసేవాళ్లు.

తమ్ముడు: సూపర్ కదా.

అక్క: సూపరే. కానీ అన్నేసి వేల పక్షులను అక్కడి నుంచి తీసేస్తే గూళ్లు ఏమైనట్టు? పిల్లల్ని వేలల్లో ఏరుకొచ్చి చేత్తో చేపలు తినిపించి పెంచారు, గుడ్లకు ఆ అదృష్టం లేదు. తర్వాత ఏళ్లలో గమనిస్తే, కడిగి వదిలిన పక్షులున్న జంటలు మిగతావాటికంటే తక్కువ పిల్లల్ని పెంచగలిగాయి. అందుకే ఎక్కడ చమురు ఒలికిందన్నా, నేను ముందు అక్కడి పక్షులు గుడ్లు పెట్టే నెల ఏదో చూస్తాను.