పక్కన ఎవరున్నారు?

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్ల మధ్య చిన్న చిన్న టైలరింగ్ షాపులు ఉంటాయి. పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడి చేతికి మొదటి రోజే కత్తెర ఇవ్వరు. గుండీలు కుట్టమంటారు. హెమ్మింగ్ చేయమంటారు. కుట్టడం అయిపోయిన చొక్కాను ఇస్త్రీ చేసి మడత పెట్టమంటారు. మిషన్ మీద కూర్చోవడం ఆ తర్వాతి మాట. కటింగ్ అన్నిటికన్నా చివర.

పైపనులన్నీ కుర్రాడితో చేయించుకుంటున్నారని అనిపించవచ్చు. కానీ అందులో చక్కని పాఠక్రమం ఉంది. జీన్ లేవ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1970ల్లో పశ్చిమాఫ్రికాలోని లైబీరియా వెళ్లి, అక్కడి దర్జీల దగ్గర కూర్చుని ఇలాంటి పద్ధతే గమనించారు. బట్ట తయారయ్యేది కత్తిరింపుతో మొదలై గుండీలతో ముగుస్తుంది. నేర్చుకోవడం మాత్రం గుండీలతో మొదలై కత్తిరింపు దగ్గరికి వస్తుంది. గుండీ వంకరగా పడితే ఊడదీసి మళ్లీ కుట్టొచ్చు, కత్తెర తప్పితే గుడ్డే పాడైపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పూర్తయిన చొక్కాలను రోజూ మడతపెట్టే కుర్రాడికి చంక దగ్గర ఏ ముక్క ఏ ముక్కతో కలిసిందో, కాలరు ఎలా నిలబడిందో చేతికే తెలిసిపోతుంది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు.

పనితో పాటు మనిషి కూడా మారతాడు. కొలతలు రాసుకోమని మాస్టారు పుస్తకం చేతికిచ్చిన రోజు నుంచి కస్టమర్లు అతనితో మాట్లాడే తీరు వేరు, ఇంట్లో అతని మాటకు ఉండే విలువ వేరు.

పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. వాళ్లుండాల్సింది బడిలోనే. కానీ తెలిసినవాళ్ల పక్కనుండి చూస్తూ, చేస్తూ నేర్చుకునే ఆ షాపు గుణం మన బడికి ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

రష్యాకు చెందిన మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ 1934లో, 37 ఏళ్లకే క్షయతో చనిపోయారు. పిల్లలు ఒంటరిగా చేయగలిగింది కొంత, తెలిసినవాళ్లు పక్కనుంటే చేయగలిగింది ఇంకొంత, ఎదుగుదల ఆ రెంటికీ మధ్యనే జరుగుతుందని ఆయన చెప్పారు. ఆ తెలిసినవాళ్లు టీచర్లే కానక్కర్లేదు. కాస్త ముందున్న తోటి విద్యార్థి ఉన్నా చాలు.

ఇప్పుడు మన విజయవాడ, గుంటూరు ఇంటర్ కాలేజీలను చూడండి. చాలాచోట్ల మార్కులను బట్టి సెక్షన్లు విడదీస్తారు. లెక్కలు బాగా వచ్చినవాళ్లంతా ఒక గదిలో, రానివాళ్లంతా ఇంకో గదిలో. ఆ రెండో గదిలో ఎవర్ని చూసి నేర్చుకోవాలి? కొన్నాళ్లకు అమ్మాయి తన గురించి తనే "నేను లాస్ట్ సెక్షన్ అండీ" అని చెప్పుకుంటుంది, ఊరి పేరు చెప్పుకున్నంత మామూలుగా. పదహారేళ్ల పిల్ల నోట ఆ మాట వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

యాస సంగతీ అంతే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనుల కోసం ఇక్కడికొచ్చిన కుటుంబాల పిల్లలు క్లాసులో మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతారు. రెండుసార్లు అలా జరిగాక ఆ పిల్లవాడు జవాబు తెలిసినా చెయ్యెత్తడు. వీడికి ఏమీ రాదని టీచరు అనుకుంటారు. కొన్నాళ్లకు వాడూ అదే నమ్ముతాడు.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. వారానికోసారి బెంచీలు మార్చండి. ఒక లెక్క అర్థమైన పిల్లను అర్థంకాని పిల్ల పక్కన కూర్చోబెట్టి, ఇద్దరినీ కలిసి చేయమనండి. యాసకు ఎవరైనా నవ్వితే అక్కడే ఆపండి. తల్లిదండ్రులు సాయంత్రం మార్కులు అడిగేటప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి: ఈరోజు నీకు ఎవరు చెప్పారు? నువ్వు ఎవరికి చెప్పావు?

నమస్కారం.