డ్రిల్లు పీరియడు ఎవరిది?

అమ్మలకీ, అయ్యలకీ నమస్కారం. పది నిమిషాల్లో ముగించమని హెడ్మాస్టరుగారు చెప్పారు. డ్రిల్లు మాస్టర్ని కదా, విజిల్ వేస్తే ఆగిపోతాను.

మొన్న తొమ్మిదో తరగతి గుంటడొకడు ప్రార్థనలో నిలబడే కునుకు తీశాడు. అడిగితే, రాత్రి ఒంటిగంట దాకా దుప్పటి కింద రీల్స్ చూశానన్నాడు. వాళ్ల నాన్న చెన్నైకి పనికెళ్లాడు. ఆయనతో వీడియో కాల్ మాట్లాడ్డానికి కొన్న ఫోనది. తల్లి నాలుగింటికే లేవాలి, తొమ్మిదికే నడుం వాలుస్తుంది. ఎవర్ని తప్పు పట్టమంటారు?

ఆ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. వీడికి దక్కింది ఐదు. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. అది చాలకపోతే పాఠం నిలవదు, పైగా అయినదానికీ కానిదానికీ చిరాకు.

ఫోనే పిల్లల్ని పాడు చేస్తోందని టీవీలో తేల్చేస్తారు. నేనంత ధీమాగా అనలేను. ఫోను ఎక్కువగా చూసే పిల్లల్లో దిగులు, టెన్షన్ కాస్త ఎక్కువని పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. కానీ దిగులుగా ఉన్న పిల్లలు కూడా ఫోన్లోనే తలదాచుకుంటారు కదా! నాన్నతో మాట్లాడిన అరగంటా, రీల్స్ చూసిన అరగంటా ఒకటి కాదు. అందుకే నేను గంటలు లెక్కపెట్టను. నిద్ర పోయిందా, ఆట పోయిందా అని అడుగుతాను.

5 నుంచి 17 ఏళ్లవాళ్లకి రోజుకి సగటున 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన దగ్గర పదో తరగతికి సంక్రాంతి వెళ్లగానే డ్రిల్లు పీరియడు లెక్కలకి పోతుంది. లెక్కల మాస్టారు నవ్వుతున్నారు చూడండి. ఆడొచ్చిన పిల్లలకి ఆ తర్వాతి క్లాసులో ధ్యాస బాగా నిలుస్తుంది మాస్టారూ, లాభం మీకే.

ఇక ఆడపిల్లలు. ఎనిమిదో తరగతి దాటితే గ్రౌండు గట్టున కూర్చుండిపోతున్నారు. కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట అమ్మాయే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. నేను పతకాలు అడగడం లేదు, సాయంత్రం ఓ గంట పంపండి చాలు.

రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఫోన్లన్నీ, మీవి కూడా, వంటింట్లో ఛార్జింగు పెట్టండి. అలారానికి ఫోను పక్కనుండాలని ఆ గుంటడూ అన్నాడు. వాళ్లమ్మ సంతకెళ్లి గడియారం కొనిచ్చింది. ఇప్పుడు ప్రార్థనకి ముందే గ్రౌండులో ఉంటున్నాడు. లెక్కల్లో మార్కులు మాత్రం ఇంకా పెరగలేదు. ఆ సంగతి మాస్టార్నే అడగండి.