గుంపులోకి కొత్త పిల్లి వచ్చిందా? మొదటి రెండు వారాలు ఇలా చేయండి

నమస్కారమండి. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను, కాస్త వాల్యూమ్ పెంచుకోండి. టైం ఉదయం 5:40. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ వెనక పార్కింగ్‌లో, చాప పరుచుకుని కింద కూర్చున్నాను. గోడ మీద ఉన్న ఆ లావుపాటి ఆవిడ పెద్దమ్మ. కింద ముఖం కడుక్కుంటున్న తెల్లది సున్నం. బూడిదరంగు వాళ్లిద్దరూ అన్నదమ్ములు. స్కూటర్ సీటు మీద పడుకున్నవాడు కుంటోడు. మొత్తం ఐదుగురు. అందరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, ఎడమ చెవి కొస చూడండి, అడ్డంగా కత్తిరించి ఉంటుంది. అదే గుర్తు.

ఇప్పుడు కెమెరా అటు తిప్పుతున్నా. ఆ బోరు పైపు వెనక రెండు కళ్లు కనిపిస్తున్నాయా? అదీ కొత్తది. వచ్చి ఇవాళ్టికి 9 రోజులు. దాన్ని చూసి మా వాచ్‌మన్ భార్య "ఎండు నెత్తలిలాగుంది" అంది. నెత్తలి అంటే సన్నటి చిన్న చేప. ఇక పేరు ఏం వెతుకుతాం, నెత్తలి అనే ఖాయం చేశాం.

మొదట నేను హార్బర్ వైపు నుంచో, జాలారిపేట నుంచో వచ్చిందనుకున్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం కదా. బోట్లు కట్టేస్తే తలకాయలూ తోకలూ ఏరుకుని బతికే పిల్లులకి కడుపు కాలుతుంది. కానీ మూడో రోజు నన్ను చూసి మ్యావ్ అంది. అక్కడే నాకు డౌటు వచ్చింది. మనుషులు తెలియకుండా పెరిగిన పెద్ద పిల్లి మనిషిని చూసి అరవడం చాలా అరుదు. మనతో పని పడినవే మనల్ని పిలుస్తాయి. అంటే ఇది ఎవరింట్లోనో తిరిగిన పిల్లి. తప్పిపోయిందో, స్కూళ్లు తెరిచేలోపు ఇల్లు మారినవాళ్లు వదిలేసి పోయారో.

అందుకే మొదటి పని ఫోటో. జూమ్ చేసి తీయండి, దగ్గరికెళ్లి కాదు. వీధి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి, గేటు మీద ఒక కాగితం అంటించండి. చేతికి చిక్కే పిల్లయితే ఇంకో ఉపాయం ఉంది. కాగితం చీలిక మీద "ఈ పిల్లి మీదా?" అని రాసి, మీ నంబరు వేసి, మెడ చుట్టూ వదులుగా చుట్టి టేపు అంటించండి. ఎక్కడైనా తగులుకుంటే చిరిగిపోతుంది, మెడకి బిగుసుకోదు. నెత్తలి చేతికి రాదు కాబట్టి ఫోటోతోనే సరిపెట్టాను. ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

అదే ఫోటోలో ఇంకో రెండు చూడాలి. ఒకటి చెవి. కోత లేదు, అంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు లేదు. రెండోది పొట్ట. ఆడపిల్లి అయితే చనుమొనలు ఉబ్బి, చుట్టూ బొచ్చు పల్చబడి ఉందేమో చూడండి. అలా ఉంటే ఎక్కడో ఏ మెట్ల కిందో కూనలు ఎదురు చూస్తున్నట్టే. తల్లిని బోనులో పట్టుకెళ్లి రెండు రోజులు ఉంచేస్తే అక్కడ కూనలు ఆకలికి చచ్చిపోతాయి. ముందు కూనల్ని వెతకాలి. నెత్తలికి అలాంటి గుర్తులేవీ లేవు.

ఇక అసలు సంగతి, ప్లేటు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను. మూడేళ్ల క్రితం ఒక గండుపిల్లి వచ్చింది. పాపం ఆకలిగా ఉందని దాని గిన్నె తీసుకెళ్లి మా వాళ్ల గిన్నెల మధ్యన పెట్టాను. పెళ్లి పంక్తిలో చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు. ఒక్క నిమిషంలో బొచ్చు గాల్లోకి లేచింది. ఇదిగో, స్కూటర్ సీటు మీదున్న వీడికి వెనక కాలి మీద కాటు పడింది. పైకి చిన్న గాటే, నేను పట్టించుకోలేదు. పిల్లి పళ్లు సూదుల్లా లోతుకి దిగుతాయి, పైన చర్మం మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. మూడో రోజుకి నిమ్మకాయంత వాచింది. వైద్యం చేయించాం, బతికాడు, కానీ అప్పటినుంచి వాడి పేరు కుంటోడు. ఆ గండుపిల్లి మళ్లీ కనబడలేదు.

ఇప్పుడు చూడండి ఎలా చేస్తున్నానో. పార్కింగ్ టైల్స్ ఒక్కోటి అడుగు ఉంటుంది. మొదటి రోజు కొత్తదాని ప్లేటు మా వాళ్లకి 20 టైల్స్ అవతల పెట్టాను. తర్వాత రోజుకి ఒక్క టైల్ ఇటు జరపడమే. ఆరో రోజు అన్నదమ్ములిద్దరూ తినడం ఆపి దానివైపు చెవులు వెనక్కి పెట్టి చూశారు. దాంతో ఒక టైల్ వెనక్కి తీసుకెళ్లాను. ఇవాళ 14 మీద ఉంది.

ముందు పాతవాళ్లకి పెట్టాలి, తర్వాతే కొత్తదానికి. ఒక్కొక్కరికి ఒక ప్లేటు, పైగా ఒకటి ఎక్స్‌ట్రా. దూరంగా పెట్టండి. మధ్యలో ఇదిగో, ఈ బకెట్ బోర్లించాను, తినేటప్పుడు కళ్లూ కళ్లూ కలవకుండా. కొత్తదాని వెనక పారిపోయే దారి ఉండాలి. మూల మాత్రం వద్దు, మూలలో ఇరుక్కున్న పిల్లి భయంతో తిరగబడుతుంది. బుస కొట్టడం, గుర్రుమనడం మామూలే, టెన్షన్ పడకండి. మీద పడి కొట్టుకుంటే మాత్రం ప్లేటు మీద గరిటెతో టంగుమని కొట్టండి, లేదా చెంబుడు నీళ్లు విసరండి. చెయ్యి మాత్రం మధ్యలో పెట్టకండి.

పెట్టారు, కరిచింది అనుకోండి. వెంటనే సబ్బుతో, కుళాయి నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి. పసుపు, కారం లాంటివి పెట్టొద్దు. అదే రోజు మన ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి. గీరితే కూడా అంతే.

తిండి. ఎండిపోయి వచ్చినదానికి ఒక్కసారే గిన్నె నింపకండి, కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు పెట్టండి. నేను కవ్వళ్ల చేపలు ఉడకబెట్టి, ముళ్లు తీసి, కాస్త అన్నంలో కలుపుతాను. పక్కన పిల్లుల పొడి మేత. పచ్చి కవ్వళ్లు రోజూ పెడితే వాటిలో ఉండే ఒక పదార్థం పిల్లి ఒంట్లో బీ1 విటమిన్‌ని నాశనం చేస్తుంది, ఉడికిస్తే ఆ గొడవ ఉండదు. మనం తినగా మిగిలిన పులుసు వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. పాలు చాలావాటికి అరగవు, విరేచనాలు అవుతాయి. కుక్కల మేతలో పిల్లికి కావలసినంత టారిన్ అనే పోషకం ఉండదు, రోజూ అదే పెడితే చూపు, గుండె దెబ్బతింటాయి. వేట లేని ఈ రోజుల్లో చేప ధర మీకు చెప్పక్కర్లేదు. మొన్న చేపలమ్మాయి "ఏటమ్మా, మనుషులకే గతిలేదు, పిల్లులికా?" అని గట్టిగా నవ్వి, కొసరుగా రెండు తలకాయలు వేసింది.

మందుల విషయంలో సొంత వైద్యం చేయకండి. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపేయగలదు. ఒకసారి షాపులో గోమార్లకి మందు అడిగితే, కుక్కలకి వేసేది ఇచ్చి "సగం వెయ్యండి చాలు" అన్నారు. ఇంటికొచ్చి డబ్బా తిప్పి చూస్తే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పేరు ఉంది. అది పిల్లులకి విషం, సగం అయినా సరే. నేను చదవకపోయి ఉంటే సున్నం ఇవాళ ఇక్కడ ఉండేది కాదు.

కొత్తది ముడుచుకుని కూర్చుని, తినకుండా, వాంతులు, విరేచనాలు చేసుకుంటే అది పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు కావచ్చు. కుక్కలకి వచ్చే పార్వో జబ్బు లాంటిదే, పిల్లులకి. ఆ వైరస్ నేల మీద ఏడాది దాకా బతకగలదు. ఒక వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్లు కలిపి నేల, గిన్నెలు 10 నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. బ్లీచ్ ఆరేదాకా పిల్లుల్ని అటు రానివ్వకండి. కొత్తదాన్ని వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పాతవాళ్లకి టీకాలు వేయించి ఉంటే సగం భయం తగ్గినట్టే.

వాన కాలం దగ్గరికొచ్చింది కాబట్టి గూడు. చేపలు వచ్చే థర్మాకోల్ పెట్టె అడిగి తెచ్చుకోండి. బాగా కడిగి ఎండబెట్టి, పక్కన జానెడు కంటే తక్కువ కన్నం కోయండి, కుక్క దూరకూడదు. రెండు ఇటుకల మీద ఎత్తి, కన్నం గోడవైపు తిప్పి పెట్టండి. లోపల గుడ్డలు కాదు, ఎండుగడ్డి. మన ఊరి ఉప్పుగాలికి గుడ్డ రెండు రోజుల్లో కంపు కొడుతుంది.

నెత్తలికి ఆపరేషన్ వచ్చే గురువారం. ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకి రాగలదు, 63 నుంచి 65 రోజుల్లో ఈనేస్తుంది, అందుకని వాయిదా వేయను. ఆదివారం నుంచి బోను తలుపు మూతపడకుండా తెరిచి కట్టేసి, ప్లేటు లోపలే పెడతాను, అలవాటు పడాలి కదా. ముందు రాత్రి మేత ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్తారు. పట్టే రోజు కట్టు విప్పి ఉంచి, పిల్లి లోపలికెళ్లి తలుపు పడగానే పైన దుప్పటి కప్పేయండి, చీకటైతే సగం గోల తగ్గుతుంది. టీకాలు కూడా ఆ రోజే వేయమని అడుగుతాను. కోలుకున్నాక మళ్లీ ఇక్కడే, ఈ గోడ దగ్గరే వదలాలి.

మూడో అంతస్తు అంకుల్‌గారికి స్కూటర్ సీటు మీద గోళ్ల గీతలంటే కోపం. న్యాయమే. సీటుకి పాత గోనె కప్పాను, అరగంటలో ప్లేట్లు తీసేస్తానని మాటిచ్చాను, తీస్తున్నాను. విషం పెడతానని బెదిరించే వాళ్లు ఎదురైతే మాత్రం, జంతువుల మీద క్రూరత్వాన్ని నేరం చేసిన చట్టం 1960 నుంచీ ఉందని మెల్లగా గుర్తు చేయండి.

ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. పెద్దమ్మ దిగింది. కదలకండి... నేనూ కదలను. చూస్తున్నారా, ఆరు టైల్స్ దాకా వెళ్లింది. ఆగింది. నెత్తలి తినడం ఆపేసింది.

పెద్దమ్మ వీపు అటు తిప్పి కూర్చుంది! దానివైపు చూడట్లేదు, కాలు నాక్కుంటోంది. నెత్తలి మళ్లీ తింటోంది.

సరే, 6:10 అయింది, కాకులు దిగుతున్నాయి. ప్లేట్లు తీసేస్తున్నా. రేపు పదమూడో టైల్.