పోటు నిండే వేళ పల్లాస్ గల్ కోసం

నమస్తే అండి. కాకినాడలో కుంభాభిషేకం అనే చోట, సముద్రపు ఒడ్డున ఉన్నాం. సంక్రాంతి వెళ్ళింది, నిన్న పౌర్ణమి. పక్షుల కోసం వచ్చే ముందు నేను చూసుకునేది పంచాంగమేనండి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు బాగా ఎక్కుతుంది, ఈ బురదంతా మునిగిపోతుంది. చెల్లాచెదురుగా మేస్తున్న పక్షులు అప్పుడు మిగిలిన ఇసుక దిబ్బ మీదకి వచ్చి చేరతాయి. మనం వెంటపడక్కర్లేదు. కూర్చుంటే చాలు, నీళ్ళే వాటిని మన ముందుకు తోస్తాయి.

ఇదిగో, ఈ స్కోప్‌లోంచి, అదే దూరదర్శినిలోంచి చూడండి. ఈ గుంపులో ఎక్కువ గోధుమతల గల్స్. గల్ అంటే తీరాల్లో కనిపించే ఒక నీటిపక్షి. లదాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలానికి ఇక్కడికి దిగుతాయి. తల గోధుమరంగులో లేదేంటి అంటారా? చలికాలంలో ఉండదు. తెల్లటి తల, చెవి దగ్గర ఓ మచ్చ, అంతే.

మనకి కావలసింది వీటి మధ్య ఎక్కడో నిలబడ్డ పల్లాస్ గల్. మధ్య ఆసియా నుంచి వస్తుంది. రష్యాలో పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త పీటర్ సైమన్ పల్లాస్ 1773లో దీన్ని వర్ణించాడు, ఆ పేరే నిలిచింది. వందల గోధుమతలల్లో ఒకటో రెండో దొరికితే ఆ రోజు పండగే.

అదిగో, కుడివైపు పెద్దది! ఆగండి... కాదు. వీపు ముదురు బూడిద రంగు, ఇది హ్యూగ్లిన్ గల్. చాలామంది ఇక్కడే పొరబడతారు. సైజు ఒక్కటే చూస్తే సరిపోదండి. పల్లాస్ గల్‌కి వీపు లేత బూడిద, నుదురు ఏటవాలుగా జారి బరువైన ముక్కులో కలిసిపోతుంది. పసుపు ముక్కు చివర్లో నల్లటి పట్టీ, ఎరుపు. కంటికి పైనా కిందా తెల్లటి నెలవంకలు.

నీళ్ళు దిబ్బ అంచుకి వచ్చేశాయి. గుంపు దగ్గరికి జరుగుతోంది. ఆ వెనక... తల సగం నల్లబడింది, చూశారా? నెలవంకలు కూడా ఉన్నాయి. ఇదేనండి! పెద్దవాటికి ఈ రోజుల్లోనే తల నల్లబడడం మొదలవుతుంది. పిల్లగా పుట్టిన గల్‌కి ఈ నల్లతల రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది.

దాని పక్కన నారింజ ముక్కుతో ఉన్నవి ఇండియన్ స్కిమ్మర్లు. కింది ముక్కు పైదానికంటే పొడవు, దాంతో నీళ్ళని కోస్తూ చేపలు పడతాయి. అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షులివి. దయచేసి ఫొటో కోసం దగ్గరికి నడవకండి, డ్రోన్ ఎగరెయ్యకండి. పోటు వేళే వీటికి విశ్రాంతి. ఒకటి బెదిరితే దిబ్బంతా లేస్తుంది, మళ్ళీ వాలడానికి ఇంకో జాగా ఉండదు.

పోటు నిండింది. మన పల్లాస్ ముక్కుని రెక్కల్లో దూర్చుకుంది. స్కోప్ ఇలాగే ఉంచుతున్నాను, పాటు మొదలయ్యేదాకా చూద్దాం.